ఎఫ్‌ఎంసీ ముందు కూర్చునే ముందు

చిన్నా,

సిమ్యులేటర్‌లో శంషాబాద్ నుంచి విశాఖకి 737-800 నడుపుతానన్నావు కదా. ఎఫ్‌ఎంసీ (రూటు, బరువు ఎక్కించే విమానం కంప్యూటర్) దగ్గర తొందరపడకు. రాసే తీరు సరిగ్గా ఉంటే చాలు, తప్పు అంకెనైనా అది మింగేస్తుంది.

ముందు ఐఆర్‌ఎస్ (విమానం ఎక్కడుందో చెప్పే పరికరం) నాబ్‌లు రెండూ నావ్‌కి తిప్పు. పాస్ ఇనిట్ పేజీలో రిఫరెన్స్ ఎయిర్‌పోర్ట్‌గా వీఓహెచ్‌ఎస్ (శంషాబాద్ కోడ్) కొట్టు, పక్కన వచ్చిన స్థానాన్ని కింద పెట్టెల్లోకి దించు. అలైన్ (ఐఆర్‌ఎస్ తనని తాను సరిచేసుకోవడం) పూర్తయ్యేదాకా విమానం కదలకూడదు. పుష్‌బ్యాక్ మొదలెట్టావో, కథ మొదటికొస్తుంది. పెట్టెలు కనిపిస్తే నింపి తీరాలి, గీతలైతే నీ ఇష్టం.

రూట్ పేజీలో వీఓహెచ్‌ఎస్, వీఓవీజెడ్ (విశాఖ కోడ్), మధ్యలో ఎయిర్‌వేలు (ఆకాశ మార్గాలు). ‘నాట్ ఇన్ డేటా బేస్’ అని వస్తే వేళ్లని తిట్టుకోకు. సింబ్రీఫ్ (రూటు తయారుచేసే వెబ్‌సైట్) ఇచ్చిన రూటు ఒక ఎయిరాక్‌ది (నావిగేషన్ డేటా విడత), విమానంలోని డేటా ఇంకోదానిది అయ్యుంటాయి. ఆ డేటా 28 రోజులకోసారి మారుతుంది. తర్వాత డిప్ అరైవల్‌లో రన్‌వే, ఎస్‌ఐడీ (టేకాఫ్ తర్వాత వెళ్లే నిర్ణీత దారి) ఎంచుకుని యాక్టివేట్, ఎగ్జెక్. ఎగ్జెక్ దీపం ఇంకా వెలుగుతోందంటే నువ్వు చేసిన మార్పు ఇంకా అమల్లోకి రాలేదన్నమాట.

లెగ్స్ పేజీలో ‘రూట్ డిస్‌కంటిన్యుటీ’, అంటే రూటు తెగిన చోటు కనిపిస్తుంది. దాని కింది పాయింట్‌ని నొక్కి, స్క్రాచ్‌ప్యాడ్‌లోకి (తెర అడుగు లైన్) తెచ్చి, పైన పెట్టెల్లో వేస్తే అతుకు పడుతుంది. కానీ కనబడ్డ ప్రతి ఖాళీనీ మూసెయ్యకు. కంట్రోలర్ వెక్టర్ (తిరగాల్సిన దిశ) ఇచ్చేదాకా ఒకే హెడింగ్‌లో వెళ్లమనే చోట ఆ ఖాళీ కావాలనే ఉంచుతారు. మ్యాప్‌ని ప్లాన్ మోడ్‌లో పెట్టి, స్టెప్ నొక్కుతూ ఒక్కో పాయింటూ చూడు. గీత వెనక్కి మెలిక తిరిగితే తప్పు అక్కడే.

అసలు ప్రమాదం పెర్ఫ్ ఇనిట్ పేజీలో ఉంది. నీ దగ్గరున్నది జీరో ఫ్యూయల్ వెయిట్ (ఇంధనం లేకుండా బరువు), అది వెయ్యాల్సింది మూడో లైన్‌లో. మొదటి లైన్ గ్రాస్ వెయిట్‌ది (ఇంధనంతో కలిపి). ఉదాహరణకి జీరో ఫ్యూయల్ 55 టన్నులు, ఇంధనం 7 అనుకో. 55ని పొరపాటున మొదటి లైన్‌లో వేస్తే, 62 టన్నుల విమానానికి 55 టన్నుల వీ స్పీడ్‌లు (టేకాఫ్ వేగాలు) వస్తాయి. చాలని వేగంలో ముక్కు ఎత్తుతావు, తోక రన్‌వేకి రాసుకుంటుంది. 800కి ఒళ్లు పొడుగు, ఆ ముప్పు మరీ ఎక్కువ. అందుకే జీరో ఫ్యూయల్ కొట్టాక, గ్రాస్ దానంతటదే 62 చూపిస్తోందా అని చూసుకో. కిలోలా పౌండ్లా అన్నది కూడా. తూర్పుకి వెళ్తున్నావు కాబట్టి క్రూయిజ్ ఎత్తు బేసి లెవెల్, 290 (అంటే 29 వేల అడుగులు) చాలు. కాస్ట్ ఇండెక్స్ (సమయం ఖర్చుకీ ఇంధనం ఖర్చుకీ నిష్పత్తి) గురించి ఇంత చిన్న దూరానికి బుర్ర పాడుచేసుకోకు.

టేకాఫ్ రెఫ్‌లో ఫ్లాప్స్ 5, సీజీ (బరువు కేంద్రం) కొడితే ట్రిమ్ అంకె వస్తుంది. ట్రిమ్ చక్రాన్ని చేత్తో దానికి సరిచెయ్యి. ఆఖర్లో రన్‌వే మారితే వీ స్పీడ్‌లు చెరిగిపోతాయి, మళ్లీ ఎంచుకోవాలి.

విశాఖ అప్రోచ్‌ని (ల్యాండింగ్ దారి) దిగడం మొదలవ్వక ముందే ఎక్కించు. ఎంసీపీలో (ఆటోపైలట్ ప్యానెల్) ఎత్తు కూడా అప్పుడే తగ్గించు. మర్చిపోతే ‘రీసెట్ ఎంసీపీ ఆల్ట్’ అని అడుగుతుంది, నువ్వు చూడకపోతే వీనావ్ (ఎత్తు చూసుకునే ఆటోపైలట్ మోడ్) దిగకుండా 29,000 అడుగుల్లోనే విశాఖ దాటించేస్తుంది.

మావయ్య