రొయ్యల మేత దుకాణం వెబ్‌సైట్‌కు ఏఐ చాట్‌బాట్ పెట్టించుకోవచ్చా?

కావలిలో రొయ్యల మేత, మందులు అమ్మే మీ దుకాణం వెబ్‌సైట్‌లో రైతులకు తెలుగులో జవాబిచ్చే ఏఐ చాట్‌బాట్ పెట్టించుకోవచ్చా, ఏ మోడల్ (చాట్‌బాట్ వెనుక ఉండి జవాబులు రాసే ఏఐ) మంచిది అని అడిగారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల వ్యాపారులకు వెబ్‌సైట్లు తయారుచేయడమే నా వృత్తి కనుక అనుభవం మీద చెబుతున్నాను: పెట్టించుకోవచ్చు. అయితే ఏ మోడల్ అన్నదానికన్నా, దాని చేతికి మీరు ఏ సమాచారం ఇస్తున్నారన్నదే ముఖ్యం.

మోడల్‌ను తనకు తోచింది చెప్పనివ్వకుండా, ప్రశ్నకు సంబంధించిన భాగాన్ని ముందు మీ పేజీల్లో వెతికి, దొరికినదాని ఆధారంగానే జవాబు రాయించాలి. చిక్కంతా ఆ వెతుకులాటలోనే ఉంటుంది. నేను పనిచేసిన ఒక దుకాణంలో ఏళ్ల తరబడి కరపత్రాలు, మోతాదుల పట్టికలు డీటీపీ సెంటర్‌లో ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో కొట్టించి పీడీఎఫ్‌లుగా దాచుకున్నారు. తెర మీద చక్కని తెలుగుగా కనిపించే ఆ అక్షరాలు యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతిలో) లేనందువల్ల, కాపీ చేసి చూస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి, యంత్రం చదివేది దానినే. కన్వర్టర్‌తో మార్చినా ఒత్తులు అక్కడక్కడా చెదిరిపోయాయి కాబట్టి, ప్రతి వరుసనూ పాత కాగితంతో పోల్చి చూడక తప్పలేదు. పనిలో ఎక్కువ భాగం దానికే పట్టింది.

ప్రతి పేజీకీ తేదీ ఉండాలి. అప్పటిదాకా ప్రకాశం జిల్లాలో ఉన్న కందుకూరు 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లాలో కలిసింది. అంతకుముందు రాసిన డీలర్ల జాబితా, తర్వాత రాసినది రెండూ సైట్‌లో మిగిలిపోతే చాట్‌బాట్ ఒక్కోసారి ఒక్కో జిల్లా పేరు చెబుతుంది. కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) వారీ రొయ్యల ధరను మాత్రం అసలు వెతికించవద్దు. మీరు పొద్దున్నే నింపే పట్టిక నుంచి నేరుగా, ఆనాటి తేదీతో సహా చూపించాలి.

మందుల విషయంలో ఇంకా కఠినంగా ఉండండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్స్ ఆక్వా సాగులో నిషిద్ధం. వాటి అవశేషాలు బయటపడితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. రోగం గురించి అడిగితే మోతాదు చెప్పకుండా మీ టెక్నీషియన్ ఫోన్ నంబరు ఇచ్చేటట్లు కట్టడి చేయించండి.

ఖర్చు సంగతి: బిల్లు టోకెన్ల (మోడల్ వాక్యాన్ని విడగొట్టుకునే చిన్న ముక్కల) లెక్కన వస్తుంది, తెలుగు వాక్యం సాధారణంగా ఇంగ్లీషు వాక్యం కన్నా ఎక్కువ టోకెన్లుగా విడిపోతుంది. కనుక మీ రైతులు నిజంగా అడిగే తెలుగు ప్రశ్నలతోనే కొన్నాళ్లు నడిపి చూసి, ఆ తర్వాతే నెలవారీ అంచనా వేసుకోండి.