లేబర్ పార్టీయా, కార్మిక పార్టీయా?

సందేహం: అయ్యా, నమస్కారం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో వచ్చిన కమ్యూనిస్టు రచనల గురించి, అక్కడి కార్మిక రాజకీయాల గురించి ఒక పెద్ద వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. సోషలిస్ట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్ట్ లేబర్ పార్టీ, వర్కర్స్ పార్టీ, ఫార్మర్-లేబర్ పార్టీ అని అందులో చాలా పేర్లున్నాయి. లేబర్‌కీ 'కార్మిక', వర్కర్స్‌కీ 'కార్మిక' రాస్తుంటే ఏది ఏ పార్టీయో నాకే తెలియడం లేదు. ఒకదానికి 'శ్రామిక' పెట్టనా? ఇంగ్లీషు పేర్లే ఉంచెయ్యమని ఒక స్నేహితురాలు అంటోంది. అలా ఉంచితే అది తెలుగు చేసినట్టేనా? ఇంకో మూడు చిన్న అనుమానాలు కూడా ఉన్నాయి. మానిఫెస్టోను 'ప్రణాళిక' అనవచ్చా? పాంఫ్లెట్ అంటే కరపత్రమేనా? సభలో 'ఫెలో వర్కర్స్' అన్నచోట 'కార్మిక సోదరులారా' అని రాశాను, సరేనా?
– విజయనగరం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు 'శ్రామిక' సంగతి తేల్చుకుందాం. కర్మ నుంచి కార్మిక, శ్రమ నుంచి శ్రామిక వచ్చాయి. ధర్మం నుంచి ధార్మిక, వర్షం నుంచి వార్షిక వచ్చినట్టే ఇవీ తయారయ్యాయి. రెండిటి అర్థమూ పని చేసి బతికేవాళ్ళనే. తేడా వాడుకలో వచ్చింది. కార్మిక సంఘం, కార్మిక శాఖ, బీడీ కార్మికులు, గీత కార్మికులు, పారిశుద్ధ్య కార్మికులు అంటాం. వీళ్ళు కంటికి కనబడే మనుషులు. 'శ్రామిక' ఎక్కువగా సిద్ధాంత గ్రంథాల్లో, 'శ్రామికవర్గం' లాంటి మాటల్లో స్థిరపడింది. లేబర్‌కు ఒకటి, వర్కర్స్‌కు ఒకటి పంచిపెడితే మీ కాగితం మీద తేడా కనిపిస్తుంది గానీ చదివేవాళ్ళకు ఏది దేనికి పెట్టారో గుర్తుండదు. పది పేజీలు దాటేసరికి మీకే గుర్తుండకపోవచ్చు.

ఈ పేర్ల మధ్య తేడా ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1919 ఆగస్టు ఆఖరున షికాగోలో సోషలిస్టు పార్టీ అత్యవసర మహాసభ పెట్టింది. రష్యా విప్లవం తర్వాత పార్టీలో పెరిగిన వామపక్షాన్ని నాయకత్వం అప్పటికే బయటికి నెడుతోంది. జాన్ రీడ్, బెంజమిన్ గిట్లో వాళ్ళ మనుషులతో హాల్లో కూర్చుందామని ముందే వెళితే పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు. వాళ్ళు అదే భవనంలో కింది గదిలో చేరి, ఆగస్టు 31న కమ్యూనిస్ట్ లేబర్ పార్టీ పెట్టారు. మర్నాడు, సెప్టెంబరు 1న, అదే ఊళ్ళో రష్యన్ ఫెడరేషన్ (సోషలిస్టు పార్టీలోని రష్యన్ వలసవాళ్ళ విభాగం) వాళ్ళ భవనంలో కమ్యూనిస్ట్ పార్టీ ఆఫ్ అమెరికా పుట్టింది. రెండూ కమ్యూనిస్టు పార్టీలే, రెండూ మాస్కో వైపు చూసేవే. ఒకదాన్ని ఒకటి గుర్తించలేదు. పేరు చూసి పోల్చుకోవడానికి ఉన్న గుర్తు నడుమనున్న 'లేబర్' అన్న మాటే. దాన్ని 'కమ్యూనిస్టు కార్మిక పార్టీ' అని రాశారనుకోండి. తెలుగు పాఠకుడికి అది పేరులా వినిపించదు. కమ్యూనిస్టులది కార్మికుల పార్టీయే కదా, ఇది దాని విశేషణం కాబోలు అనుకుని ముందుకు వెళ్ళిపోతాడు.

కాబట్టి మీ స్నేహితురాలి మాటలో న్యాయం ఉంది. పేర్లను పేర్లుగానే ఉంచండి. మనవాళ్ళు ఎప్పుడూ చేసింది అదే. ప్రకాశం పంతులు గారు కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో ఉన్నప్పుడు దాన్ని మన పత్రికలు 'రైతు కూలీ ప్రజాపార్టీ' అని మార్చలేదు. రంగా గారి కృషికార్ లోక్ పార్టీ కృషికార్ లోక్ పార్టీగానే ఉండిపోయింది. దానివల్ల తెలుగుకు వచ్చిన లోటేమీ లేదు. షికాగోలో 1924 జనవరి 13న మొదలైన 'డైలీ వర్కర్' పత్రిక ఉంది. దాని పేరును తెలుగు చేస్తే 'దినసరి కార్మికుడు' అవుతుంది. మన ఊళ్ళో దినసరి కార్మికుడంటే రోజుకూలీకి వెళ్ళే మనిషి! పత్రిక రోజూ వస్తుందన్న అర్థం పోయి, మనిషికి రోజు లెక్కన డబ్బులిస్తారన్న అర్థం వచ్చి కూర్చుంటుంది.

అయితే అన్నిచోట్లా 'లేబర్' అని ఉంచేస్తే అది ఇంకో తప్పు. అసలు చిక్కు ఇక్కడే ఉంది, కొంచెం నిదానంగా చూద్దాం.

ఇంగ్లీషులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరుగా ఉంటాయి. పెద్దక్షరంతో మొదలైతే అది ఫలానా పార్టీ పేరు. చిన్నక్షరంతో రాస్తే ఆ రకం పార్టీ ఏదైనా కావచ్చు. మన లిపిలో ఆ సదుపాయం లేదు. 1919 నుంచి 1924 దాకా అమెరికా కమ్యూనిస్టుల రాతల్లో ఈ తేడా చాలా పని చేస్తుంది. కమ్యూనిస్ట్ పార్టీ ఆఫ్ అమెరికా తన మొదటి కార్యక్రమంలోనే లేబర్ పార్టీతో, నాన్ పార్టిజన్ లీగ్ అన్న రైతుల రాజకీయ సంస్థతో కలిసి పనిచెయ్యకూడదని రాసుకుంది. అక్కడున్నది పేరు. అవి నిర్బంధపు రోజులు. వామపక్షాలవాళ్ళను ప్రభుత్వం మూకుమ్మడిగా అరెస్టు చేసిన పామర్ దాడులు జరిగాయి, పార్టీలు రహస్యంగా బతికాయి. 1921 డిసెంబరులో బహిరంగంగా పనిచెయ్యడానికి వర్కర్స్ పార్టీ పెట్టుకున్నారు. 1922 వచ్చేసరికి వాళ్ళ మాట మారింది. బ్రిటన్‌లో మాదిరి యూనియన్లన్నీ కలిసి పెట్టుకునే పార్టీ అమెరికాలోనూ రావాలని వాళ్ళే ప్రచారం మొదలుపెట్టారు. హంగరీ నుంచి వచ్చిన జాన్ పెప్పర్ ఆ వాదంతో ఒక చిన్న పుస్తకమే రాశాడు. దాని పేరును 'లేబర్ పార్టీ కోసం' అని తెలుగు చేస్తే, అప్పటికే ఉన్న ఏదో లేబర్ పార్టీకి ఓటెయ్యమంటున్నాడని అర్థమొస్తుంది. 'కార్మిక పార్టీ కావాలి' అంటే సరిగ్గా అతను చెప్పినదే. ముందు 'ఒక' తగిలించాల్సిన పని కూడా లేదు.

అందుకని నా సలహా ఇది. ఫలానా సంస్థ పేరైతే లేబర్, ఆ తరహా పార్టీ అన్న అర్థమైతే కార్మిక. ఇంగ్లీషువాళ్ళు అక్షరం సైజుతో చేసే పనిని మనం మాట మార్చి చేస్తాం. 'వర్కర్స్ పార్టీ వాళ్ళు కార్మిక పార్టీ కోసం పనిచేసి, 1923 జులైలో షికాగో సభలో ఫార్మర్-లేబర్ పార్టీని చేజిక్కించుకున్నారు' అని రాసి చూడండి. ఎక్కడా తడబాటు ఉండదు. ఆ సభకు పిలిచింది షికాగో కార్మిక సంఘాల నాయకుడు జాన్ ఫిట్జ్‌పాట్రిక్. సభలో బలం వర్కర్స్ పార్టీదయింది. కొత్త పార్టీకి ఫెడరేటెడ్ ఫార్మర్-లేబర్ పార్టీ అని పేరు పెట్టారు. ఫిట్జ్‌పాట్రిక్ తెగతెంపులు చేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిపోయాక మిగిలింది చాలావరకు పేరే. ఇన్ని పేర్లు ఒకే పేజీలో వచ్చేచోట పాఠకుడికి చెయ్యందించేది మీరు పాటించే ఈ చిన్న నియమమే.

ఇంకొక్క జాగ్రత్త. 'అమెరికన్ లేబర్ పార్టీ' అని మాత్రం రాయకండి. ఆ పేరుతో 1936లో న్యూయార్క్‌లో నిజంగానే ఒక పార్టీ పుట్టింది. మీ వ్యాసం కాలానికి అది లేదు.

నడిచే వాక్యాల్లో లేబర్ వద్దనడానికి నాకు మరో కారణం ఉంది. పొద్దున్నే లేబర్ అడ్డా దగ్గర నిలబడి చూడండి. పార, గంప పట్టుకుని పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ళు లేబర్. 'ఇద్దరు మేస్త్రీలు, నలుగురు లేబర్ కావాలి' అని అడుగుతాడు ఇల్లు కట్టించేవాడు. మేస్త్రీని లేబర్ అంటే ఆయన నొచ్చుకుంటాడు. మన వాడుకలో లేబర్ అంటే చేతిలో ప్రత్యేకమైన పని లేనివాళ్ళన్న అర్థం స్థిరపడింది. అమెరికాలో దీనికి పూర్తిగా తలకిందులు. 1886లో శామ్యూల్ గాంపర్స్ నాయకత్వంలో ఏర్పడిన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌లో ప్రధానంగా ఉన్నది వడ్రంగులు, తాపీ పనివాళ్ళు, చుట్టలు చుట్టేవాళ్ళు. గాంపర్స్ కూడా చుట్టల పనివాడే. అంటే అక్కడ మేస్త్రీలే లేబర్. పార పట్టేవాడికి చాలా యూనియన్లు తలుపే తియ్యలేదు. మన పాఠకుడు 'లేబర్ నాయకుడు గాంపర్స్' అని చదివితే అడ్డా మీది మనిషిని ఊహించుకుంటాడు. 'కార్మిక నాయకుడు' అంటే ఆ పొరపాటు రాదు.

కొందరు ఫార్మర్-లేబర్‌ను 'రైతు-కూలీ' అంటారు. వినడానికి బాగుంటుంది, మనకు రైతు కూలీ సంఘాలూ ఉన్నాయి. కానీ మనకు ఆ మాటతో కళ్ళముందుకు వచ్చేది భూమి లేని వ్యవసాయ కూలీ. ఆ పార్టీ గట్టిగా వేళ్ళూనిన మిన్నెసోటాలో రైతులంటే గోధుమ పండించి, ధాన్యం వ్యాపారుల ధరలతో, రైలు కంపెనీల చార్జీలతో విసిగిపోయినవాళ్ళు. లేబర్ అంటే ఊళ్ళలో, గనుల్లో యూనియన్లు కట్టుకున్న కార్మికులు. 1922లో వాళ్ళు హెన్రిక్ షిప్‌స్టెడ్‌ను సెనేట్‌కు పంపారు, 1930లో ఫ్లాయిడ్ ఓల్సన్‌ను గవర్నరుగా గెలిపించారు. ఆ రాష్ట్రంలో డెమొక్రాట్ల పార్టీ పేరులో ఫార్మర్-లేబర్ అన్న మాట ఇప్పటికీ ఉంది. పేరు వచ్చినప్పుడు ఫార్మర్-లేబర్ అనే రాసి, మొదటిసారి మాత్రం 'రైతులూ కార్మికులూ కలిసి పెట్టుకున్న పార్టీ' అని ఒక్క ముక్క చేర్చండి.

'కూలీ' మాటను ఈ వ్యాసంలో ఇంకో కారణానికీ ఆచితూచి వాడాలి. మనకు కూలి అంటే పనికిచ్చే డబ్బు, కూలీ అంటే ఆ డబ్బుకు పనిచేసే మనిషి. అమెరికా పడమటి తీరంలో అది ఆసియావాళ్ళ మీద విసిరిన తిట్టు. చైనావాళ్ళను రానివ్వకూడదని గాంపర్స్ రాసిన 'మీట్ వర్సెస్ రైస్' అన్న చిన్న పుస్తకం పూర్తి పేరులోనే 'ఏషియాటిక్ కూలీయిజం' ఉంది. 1902లో అది సెనేట్ పత్రంగా కూడా అచ్చయింది. అన్నం తినేవాడు మాంసం తినేవాడి జీతం పడగొడతాడని అందులో వాదన. 1907లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో పంజాబీ రంపపుమిల్లు కార్మికులను తరిమికొట్టిన గుంపు వెనక ఉన్నది ఈ ద్వేషమే. తర్వాత కొన్నేళ్ళకు, బ్రిటిష్ పాలన మీద పోరాడడానికి అక్కడి భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ పుట్టింది, కాలిఫోర్నియాలో చదువుకుంటున్న మన దర్శి చెంచయ్య గారు అందులో చేరారు. కాబట్టి మూలంలో ఆ మాట తిట్టుగా వస్తే 'కూలీ' అనే ఉంచి, అది తిట్టని తెలిసేలా రాయండి. మామూలు కార్మికుడికి మాత్రం అక్కడ ఆ మాట వాడొద్దు.

ఇక మానిఫెస్టో. తెలుగులో 'కమ్యూనిస్టు ప్రణాళిక' అన్న పేరు పాతుకుపోయింది, దాన్ని కదపనక్కర్లేదు. కానీ మీ వ్యాసంలో గిట్లో కేసు వస్తుంది. 1919 జులై 5న 'రివల్యూషనరీ ఏజ్' పత్రిక 'లెఫ్ట్ వింగ్ మానిఫెస్టో'ను అచ్చేసింది. ఆ పత్రిక బిజినెస్ మేనేజరు గిట్లో. అంతకు ముందు బ్రాంక్స్ నుంచి న్యూయార్క్ శాసనసభకు గెలిచినవాడు. దాన్ని అచ్చువేసి పంచినందుకు 5 నుంచి 10 ఏళ్ళ శిక్ష పడింది. కేసు సుప్రీం కోర్టుకు వెళ్ళింది. అది సిద్ధాంతం చెప్పే రచనా, ఫలానా పని చెయ్యండని పురికొల్పే రచనా అన్నది అక్కడ పెద్ద ప్రశ్న. పురికొల్పేదే అన్నారు 1925లో ఎక్కువమంది జడ్జీలు. 'ప్రతి ఆలోచనా పురికొల్పేదే' అని జడ్జి హోమ్స్ వాళ్ళతో విభేదించి విడిగా తీర్పు రాశాడు. పంచవర్ష ప్రణాళికలు చూసిన మనకు ప్రణాళిక అంటే ఏం చెయ్యాలో ముందే వేసుకున్న పథకం. అక్కడ 'లెఫ్ట్ వింగ్ ప్రణాళిక' అని రాశారంటే కోర్టు తేల్చాల్సిన విషయాన్ని అనువాదకురాలు ముందే తేల్చేసినట్టు, అదీ గిట్లోకు వ్యతిరేకంగా. ఇక్కడ 'మానిఫెస్టో' అని ఉంచండి. ఎన్నికల పుణ్యమా అని ఆ మాట తెలియనివాళ్ళు లేరు.

పాంఫ్లెట్ కరపత్రం కాదు. చేతిలో పెట్టే ఒక్క కాగితం కరపత్రం. షికాగోలో చార్లెస్ కెర్ కంపెనీ వేసిన సోషలిస్టు పాంఫ్లెట్లు 32 పేజీలు, ఎర్రటి పల్చని కాగితం చుట్టి, 5 సెంట్లకు అమ్మేవాళ్ళు. జేబులో పట్టేవి. చిన్న పుస్తకాలు అనండి, హాయిగా ఉంటుంది.

మీ ఆఖరి అనుమానం నాకు అన్నిటికంటే నచ్చింది. 'ఫెలో వర్కర్స్' అన్న పిలుపు 1905 జూన్‌లో షికాగోలో ఇండస్ట్రియల్ వర్కర్స్ ఆఫ్ ది వరల్డ్ తొలి సభను బిల్ హేవుడ్ మొదలుపెట్టిన తీరు. ఆ పేరులోని ఇండస్ట్రియల్‌ను చూసి ఫ్యాక్టరీ కార్మికులే అనుకోకండి. గోధుమ కోతలకు ఊరూరా తిరిగేవాళ్ళూ, అడవుల్లో చెట్లు కొట్టేవాళ్ళూ అందులో ఉన్నారు. ఒక పరిశ్రమలో పనిచేసే వాళ్ళందరికీ, మేస్త్రీకీ లేబర్‌కీ కలిపి, ఒకే యూనియన్ ఉండాలని దాని అర్థం. పాత వృత్తి యూనియన్లలో ఒకరినొకరు 'బ్రదర్' అని, సోషలిస్టులు 'కామ్రేడ్' అని పిలుచుకునేవారు. వీళ్ళు 'ఫెలో వర్కర్' అన్నారు. ఆడవాళ్ళకూ, నల్లవాళ్ళకూ, ఆసియావాళ్ళకూ సభ్యత్వం ఇచ్చిన సంస్థ అది. తొలి సభలో లూసీ పార్సన్స్ లేచి మాట్లాడింది. ఆమె కూర్చున్న హాల్లో 'కార్మిక సోదరులారా' అంటే ఆమెను బయట నిలబెట్టినట్టే. 'తోటి కార్మికులారా' అని మార్చండి.