మీ వారు నాటకం ఆడటం లేదు

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. చాలా ఏళ్లుగా రోజూ తాగుతారు. ఏడాదిగా మరీ ఎక్కువైంది, తిండి దాదాపు మానేశారు. మూడు నెలలుగా అడిగిందే అడుగుతున్నారు. మొన్న రోజంతా ఇంట్లోనే ఉండి, తమ్ముడి దగ్గరికి వెళ్లొచ్చానని పూసగుచ్చినట్టు చెప్పారు. తాగని పూట కూడా తూలుతున్నారు. మా అత్తగారు ఇదంతా నాటకం అంటారు. మా అబ్బాయేమో గదిలో పెట్టి తాళం వేసి తాగుడు మాన్పిద్దాం అంటున్నాడు. నేను బి కాంప్లెక్స్ మాత్రలు వేస్తున్నాను. ఇది మతిమరుపు జబ్బేనా?

జవాబు: ఆయన్ని ఈ రోజే ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మిగతావన్నీ తర్వాత.

మీరు రాసిన లక్షణాలన్నీ చూస్తే ముందుగా అనుమానించాల్సింది విటమిన్ బి1, అంటే థయామిన్ లోపాన్ని. ఇది లేకపోతే మెదడు గ్లూకోజును శక్తిగా మార్చుకోలేదు. రోజుకు కావాల్సింది సుమారు 1.2 మిల్లీగ్రాములే. కానీ ఒంట్లో నిల్వ 30 మిల్లీగ్రాముల దాకానే ఉంటుంది, తిండి లేకపోతే రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. తాగుడు ఆకలిని చంపడంతో ఆగదు. పేగులు థయామిన్‌ను సరిగా పీల్చుకోలేవు, కాలేయం దాచుకోలేదు. మెగ్నీషియం మూత్రంలో పోతుంది, అది తగ్గితే ఉన్న కాస్త థయామిన్ కూడా సరిగా పనిచేయదు.

దీని మొదటి దశ వెర్నికే ఎన్‌సెఫలోపతి. అయోమయం, తూలడం, కళ్లు అదరడం లేదా ఒకటి రెండుగా కనిపించడం దీని గుర్తులు. మూడూ ఒకేసారి కనిపించేది కొద్దిమందిలోనే కాబట్టి, కళ్లు బాగున్నాయని ధీమా పడొద్దు. సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం మీదికి రావచ్చు, లేదా కోర్సకాఫ్ సిండ్రోమ్‌గా స్థిరపడవచ్చు. అప్పుడు కొత్త సంగతులు మనసులో నిలవవు. ఆ ఖాళీల్ని మెదడు పాత జ్ఞాపకాలతో తనంతట తానే పూడుస్తుంది. తమ్ముడి దగ్గరికి వెళ్లొచ్చానన్నది అలాంటిదే కావచ్చు. చెబుతున్నప్పుడు ఆయనకది నిజం. మీ అత్తగారికి ఈ ఒక్క మాట అర్థమయ్యేలా చెప్పండి.

మాత్రల మీద భరోసా పెట్టుకోకండి. తాగుడుతో దెబ్బతిన్న పేగులు వాటిలో కొద్ది భాగాన్నే లోపలికి పంపుతాయి. అనుమానం బలంగా ఉంటే ఆసుపత్రిలో థయామిన్‌ను సాధారణంగా 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, రెండు మూడు రోజులు, అరగంట సేపు నరంలోకి ఎక్కిస్తారు. తర్వాత మోతాదు తగ్గిస్తారు. వెళ్లగానే ‘రోజూ తాగుతారు, తిండి లేదు, తూలుతున్నారు, అయోమయంగా ఉన్నారు’ అని చెప్పి, థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ పెట్టొద్దని అడగండి. థయామిన్ లేని మెదడుపై గ్లూకోజ్ భారం పడితే పరిస్థితి ఇంకా దిగజారవచ్చు. షుగర్ బాగా పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజ్ ఆలస్యం కాకూడదు, రెండూ కలిపే ఇస్తారు.

తాళం వేసే ఆలోచన మాన్పించండి, అందులో ప్రాణాపాయం ఉంది. ఇన్నేళ్లు రోజూ తాగిన మనిషి హఠాత్తుగా ఆపితే మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వణుకు, జ్వరం, లేనివి కనిపించడం మొదలవవచ్చు. మానాల్సిందే, కానీ డాక్టర్ల పర్యవేక్షణలో, మందులతో.

తూలి పడి తలకు దెబ్బ తగిలి ఉంటే లోపల రక్తం గడ్డకట్టి కూడా ఇలాగే ఉంటుంది. అందుకే తల స్కాన్, కాలేయం, థైరాయిడ్, బి12, సోడియం, మెగ్నీషియం పరీక్షలు అవసరం. స్కాన్ మామూలుగా వచ్చినంత మాత్రాన థయామిన్ లోపం లేదని కాదు, స్కాన్ కోసమని థయామిన్ చికిత్స ఆపకూడదు.

చాలాకాలం తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకండి. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. వైద్యులు చెప్పిన కొలతతో కొద్దికొద్దిగా మొదలుపెట్టి, పప్పులు, ముడి ధాన్యాలు, గింజలు, గుడ్లు, మాంసం పెంచుకుంటూ వెళ్లండి.

మీరడిగిన మతిమరుపు సంగతి. అల్జీమర్స్ ఆగకుండా ముదురుతుంది. ఇది అలా కాదు, తాగుడు పూర్తిగా మాని, తిండి, థయామిన్ సరిగా అందితే ఉన్నచోట ఆగవచ్చు, నెలల తరబడి మెల్లగా మెరుగుపడవచ్చు కూడా. కొందరు బాగా కోలుకుంటారు, చాలామందిలో కొంత లోటు మిగిలిపోతుంది. మళ్లీ తాగితే మాత్రం ఆ మెరుగు నిలవదు.

ఇంటికి వచ్చాక ‘నువ్వు చెప్పేది అబద్ధం’ అని వాదించకండి, అవునని కూడా అనకండి. మాట మళ్లించండి. రోజూ అదే వేళకు అదే పని ఉండనివ్వండి, ఎదురుగా క్యాలెండర్, రాతబోర్డు పెట్టండి. మందులు మీ చేత్తోనే ఇవ్వండి. డాక్టరు సరేననే దాకా బండి తాళాలు, డబ్బు వ్యవహారాలు ఆయన చేతికి ఇవ్వకండి. మళ్లీ తాగాలనే కోరిక తగ్గించడానికి మందులున్నాయి, కాలేయం స్థితిని బట్టి మానసిక వైద్యులు రాస్తారు. డిశ్చార్జి అయ్యేలోపే వారి అపాయింట్‌మెంట్ తీసుకోండి.