చిన్నదాని పళ్ల సందు కాదు, మీ ఆయన పళ్ల సందు చూపించు

నల్లగొండ

బిడ్డా,

నువ్వు పంపిన రెండు ఫోటోలూ చూశాను. ఒకటి చిన్నదాని నవ్వు. ఇంకోటి మీ ఆయన మొహమాటపడుతూ పెదవి పైకెత్తి చూపించింది. నీ టెన్షనంతా చిన్నదాని ముందుపళ్ల సందు గురించే. నాకు మాత్రం మీ ఆయన ఫోటో చూసే గుబులైంది.

ఇక్కడ క్లాక్ టవర్ దగ్గర పళ్ల డాక్టరు దగ్గర 22 ఏళ్లు పనిచేశాను కదా. పరికరాలు కడగడం, సిమెంటు కలపడం, లైటు సరిగ్గా పట్టడం నా పని. నేను చదివింది పదో తరగతే. సందు పళ్లతో ఎవరొచ్చినా మా డాక్టరు ముందు అడిగే మాట ఒకటే: "మొదటి నుంచీ ఉందా, ఈ మధ్య పడిందా?" ఆ జవాబును బట్టే ఆయన కుర్చీ వంచేవాడు.

చిన్నదానికి ఎనిమిదేళ్లు. ఆ వయసులో పైన ముందుపళ్లు రెండూ విచ్చుకున్నట్టు ఉండటం మామూలే. 11, 12 ఏళ్లకు కోరపళ్లు దిగుతూ వాటిని దగ్గరికి నెడతాయి. చిన్న సందైతే చాలామందికి దానంతటదే మూసుకుంటుంది. వేలు చీకే అలవాటుందా, పై పెదవి లోపలి నరంలాంటి పొర పళ్ల మధ్యకు దిగిందా, ఈ రెండూ ఒకసారి చూపించు. ఇంకా వేచిచూడమంటే వేచిచూడు. సందు పళ్లు అదృష్టమని మీ అత్తమ్మ అంటే అననీ, దాంతో నష్టమేమీ లేదు.

ఒక్కటి మాత్రం చేయకు. ఫోన్లో వీడియోలు చూసి ఆ రెండు పళ్లకూ రబ్బరు బ్యాండు వేయకు. ఒక ఇంటర్ పిల్ల అలాగే వేసుకుని వచ్చింది. పన్ను కింద వెడల్పు, వేరు వైపు సన్నం. బ్యాండు మెల్లగా పైకి జారి చిగుళ్లలోకి దూరిపోయింది. బయటికి కనబడదు, లోపల ఎముకను తినేస్తుంది. డాక్టరు చిగురు పక్కకు జరిపి దాన్ని బయటికి తీస్తుంటే ట్రే పట్టుకున్న నా చెయ్యి వణికింది. గోధుమరంగు దారం ముక్కలా ఉంది, అంతే.

ఇక మీ ఆయన సంగతి. పెళ్లి ఫోటోల్లో ఆ పళ్లు అతుక్కుని ఉన్నాయి, నేను ఆల్బమ్ తీసి మరీ చూశాను. నలభై దాటాక కొత్తగా సందు పడిందంటే, పళ్లు ముందుకు విచ్చుకున్నాయంటే, పన్ను పట్టుకున్న ఎముక కరుగుతోందేమోనని అనుమానించాలి. పోయిన దసరాకు వచ్చినప్పుడు ఆయన పళ్లు తోముకున్నాక సింకులో ఎర్రటి చారలు చూశాను. అల్లుడిని ఏమడుగుతానని ఊరుకున్నాను, తప్పు నాదే. పైగా షుగర్ ఉంది. షుగర్ ఎక్కువైతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టం.

క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్లు కూడా వదులైపోతాయని ఆయన అన్నాడట. ఆ మాట వారానికి పదిసార్లు విన్నదాన్ని. మీ వాకిట్లో తాండూరు బండలు గుర్తున్నాయా? సందుల్లో మట్టి కూరుకుంటే బండలు కలిసినట్టే ఉంటాయి. కడిగితే సందు బయటపడుతుంది, కానీ సందు చేసింది నీళ్లు కాదు కదా. పళ్లకు పట్టే గార కూడా అంతే. గార కింద చిగురు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది. క్లీనింగ్ తర్వాత కొన్నాళ్లు చన్నీళ్లు జివ్వుమంటాయి, ఆ మాట ముందే చెప్పు. లేకపోతే మధ్యలో ఆపేస్తాడు.

డాక్టరు సన్నటి సలాకతో చిగురు లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు పర్వాలేదు. అంతకు మించి ఎక్కడెక్కడ ఉందో కాగితం మీద రాయించుకోండి. చిగుళ్లు నెమ్మదించకుండా ఎవరైనా క్లిప్పులు వేస్తామన్నా, సందు పూడుస్తామన్నా ఒప్పుకోకండి. కరిగే ఎముకలో పన్నును లాగితే ఊడి చేతికొస్తుంది.

నా కథ నీకు తెలుసు. ముప్పై నాలుగేళ్లప్పుడు కింది దవడ పన్ను పీకించుకుని, డబ్బులు చూసుకుని కొత్తది పెట్టించుకోలేదు. పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరిగింది, పై పన్ను కిందికి దిగింది. వెడల్పు సందైతే పుక్కిలిస్తే పోతుంది, ఒరిగిన పన్ను చేసిన ఇరుకు సందులో మాత్రం మటన్ నార, మక్కకంకి పొట్టు దిగబడేవి. పిన్నీసుతో పొడుచుకుంటూ ఏడాది గడిపాను, పళ్ల డాక్టరు దగ్గరే పనిచేస్తూ! చివరికి ఆ పక్క పన్నూ పుచ్చింది.

అందుకే అగ్గిపుల్ల, చీపురుపుల్ల, పిన్నీసు ఇంట్లో కనబడకుండా దాచెయ్. ఇరుకు సందుకు మందుల షాపులో దొరికే పళ్ల దారం (ఫ్లాస్), వెడల్పు సందుకు సీసా కడిగే బ్రష్షులా ఉండే బుల్లి బ్రష్. సైజులుంటాయి, తోయకుండానే దూరాలి, కానీ వదులుగా ఆడకూడదు. రాత్రి పడుకునే ముందు అద్దంలో చూస్తూ నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించాలి. మొదట్లో రక్తం వస్తే భయపడి మానకూడదు, రెండు వారాలైనా ఆగకపోతే చూపించాలి.

నా పళ్ల మీది గోధుమ మచ్చలు చూసి చిన్నది అడిగింది కదా, "పెద్దమ్మమ్మా, నువ్వు తోముకోవా?" అని. అది గార కాదని చెప్పు. మా చిన్నప్పుడు మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లే తాగేవాళ్లం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ చిన్నతనంలో పన్ను తయారయ్యేటప్పుడే లోపలికెక్కుతుంది. ఇటుకపొడి పెట్టి రుద్దినా పోలేదు, పన్ను అరిగింది. సందులకూ దానికీ సంబంధం లేదు.

వచ్చే ఆదివారం బయల్దేరండి, సోమవారం పొద్దున నేనే తీసుకెళ్తాను. మీ ఆయన షుగర్ రిపోర్టు, వాడే మందుల చీటీ మరిచిపోకు. జొన్నరొట్టెలు చేస్తాను, మటన్ మాత్రం చూపించుకుని వచ్చాకే.

మీ పెద్దమ్మ