డైనోసార్ల పిచ్చి ఉన్న చిన్న పిల్లలకి ఏం కొనాలి, ఏం చూపించాలి?

మీ బాబుకి నాలుగున్నరేళ్లు, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా డైనోసార్ల గోలే, ఇంట్లో ఎవరికీ వాటి గురించి ఏమీ తెలియదు, పుస్తకాలూ బొమ్మలూ వీడియోలూ ఏవి మంచివో చెప్పమన్నారు. మా అమ్మాయి మూడో ఏట ఇందులో పడింది. ఇప్పుడు పెద్ద తరగతులకొచ్చినా పూర్తిగా బయటపడలేదు. ఆ అనుభవంతో చెబుతున్నానండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అట్ట మీద డైనోసార్ బొమ్మ ఉన్నవాటిలో సగానికి పైగా కొననక్కర్లేదు. 'ఇది పెద్దది, ఇది భయంకరమైనది' అని మాత్రమే చెప్పే వస్తువుతో మోజు త్వరగా తీరిపోతుంది. 'ఈ సంగతి మనకెలా తెలిసింది?' అని పిల్లాడు అడగడానికి వీలిచ్చేది ఏదైనా సరే, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

పుస్తకం కొనేముందు చదవక్కర్లేదు, తోకలు చూడండి చాలు. టీ-రెక్స్ కంగారూలా నిటారుగా నిలబడి తోక నేల మీద ఈడుస్తూ ఉంటే అది పాతకాలపు బొమ్మని లెక్క. దాని వెన్ను ఇంచుమించు నేలకి సమాంతరంగా ఉండేది, తోక గాల్లో వెనక్కి చాచుకుని ముందున్న పెద్ద తలని సరితూచేది. శిలాజాలుగా మారిన కాలిజాడల వెనక తోక ఈడ్చిన గీతలు చాలా అరుదుగా తప్ప కనిపించవు, అదీ ఒక సాక్ష్యం. తర్వాత వెలాసిరాప్టర్ పేజీ తిప్పండి. మనిషంత ఎత్తున, బల్లి చర్మంతో ఉంటే ఆ చిత్రకారుడు సినిమాలు చూసి గీశాడన్నమాట. అసలు జంతువు టర్కీ కోడంత ఉండేది. దాని ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకునే బుడిపెలున్నాయని 2007లో బయటపడింది. కాబట్టి మంచి పుస్తకంలో దానికి ఈకలుండాలి.

ఇంకొక్కటి చూస్తే పుస్తకం నాణ్యత తేలిపోతుంది. ఎగిరే టెరోసార్లనీ, నీళ్లలో ఈదే పొడుగు మెడ ప్లీసియోసార్లనీ కూడా డైనోసార్లనే రాశారా? అవి డైనోసార్లు కావు. వీపు మీద తెరచాప ఉన్న డైమెట్రోడాన్ అయితే మొదటి డైనోసార్ పుట్టకముందే అంతరించిపోయింది, పైగా బంధుత్వం చూస్తే పాలిచ్చే జంతువులకి, అంటే మనకే దగ్గర. ఈ ఒక్క ముక్క మా అమ్మాయికి తెలిసిన రోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ పరీక్షే.

అచ్చయిన సంవత్సరం కూడా చూడండి. ఈ శాస్త్రం చాలా వేగంగా మారుతోంది. ఒంటి నిండా ఈకల్లాంటి నూగు ఉన్న సైనోసారోప్టెరిక్స్ శిలాజం గురించి ప్రపంచానికి తెలిసింది 1996లో, చైనా నుంచి. ఆ నూగులో మిగిలిన రంగు కణాల ఆనవాళ్లు చూసి దాని తోక మీద ఎర్రగోధుమ, తెలుపు పట్టీలుండేవని 2010లో తేల్చారు. అందుకే 'డైనోసార్ల రంగు ఎప్పటికీ తెలుసుకోలేం' అని ఖండితంగా రాసిన పుస్తకం కనిపిస్తే తిరిగి అరలో పెట్టేయండి.

తెలుగులో ఈ వయసుకి తగ్గ మంచి డైనోసార్ పుస్తకాలు తక్కువ. బాధపడక్కర్లేదు. బొమ్మలు బాగున్న ఇంగ్లీషు పుస్తకం తీసుకుని, వాక్యాలు వదిలేసి, మీ మాటల్లో తెలుగులో చెప్పండి. పేర్లు మాత్రం కుదించకుండా పూర్తిగా పలకండి. పాకీసెఫలోసారస్ దగ్గర నాలుక తడబడేది మనకే, వాళ్లకి కాదు. మీరు తప్పు పలికితే మీ వాడు దిద్దుతాడు, దిద్దనివ్వండి. నాలుగేళ్ల వయసులో ఇంట్లో అందరికంటే తనకే ఎక్కువ తెలిసిన విషయం ఒకటుండడం చిన్న సంగతి కాదు. మా ఇంట్లో అక్షరాలు కూడా ఇలాగే వచ్చాయి. అట్టముక్కల మీద పేరు, పొడవు, తిండి రాసి కార్డులు చేస్తే, అవి తనే చదువుకోవాలన్న పట్టుదలతో కూడబలుక్కుంది. మామూలు వాచకం మాత్రం ముట్టుకునేది కాదనుకోండి.

కంప్యూటర్‌లో అయితే మ్యూజియంల వెబ్‌సైట్లే మేలు, ఉచితం కూడా. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల 'డైనో డైరెక్టరీ'లో ఒక్కో డైనోసార్ ఎంత పొడవు, ఏం తినేది, ఏ కాలం నాటిది, ఏ దేశంలో దొరికింది అన్నీ ఉంటాయి. నేను కార్డులు చేసుకున్నది దాన్ని చూసే. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్లు పిల్లల కోసం 'ఓలజీ' అని నడుపుతున్నారు, అది కాస్త పెద్దయ్యాక పనికొస్తుంది. అమెరికాలోనే స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్లు ట్రైసెరటాప్స్ అస్థిపంజరాన్ని త్రీడీలో పెట్టారు. తెర మీద దాన్ని అటూ ఇటూ తిప్పి కిందనుంచి పక్కటెముకలు చూడ్డం మా అమ్మాయికి మహా సరదా. ఇవేవీ పిల్లాడి చేతికిచ్చి వెళ్లిపోయేవి కావు, ఒళ్లో కూర్చోబెట్టుకుని చూడాల్సినవి.

వీడియోల విషయానికొస్తే, 'డైనోసార్ ట్రైన్' అనే కార్టూన్ ఈ వయసుకి బాగా సరిపోతుంది. 2009లో మొదలైంది. పాత్రలు ఒక ఊహ చేసి, అది నిజమో కాదో చూడ్డానికి బయల్దేరతాయి. చివర్లో స్కాట్ శాంప్సన్ అనే నిజమైన పురాజీవ శాస్త్రవేత్త వచ్చి మాట్లాడతాడు. పెద్దవాళ్ల డాక్యుమెంటరీలు అందంగా ఉంటాయి కానీ వేట దృశ్యాలుంటాయి, ముందు మీరొకసారి చూసి ఆ ముక్కలు దాటించండి. ఇక యూట్యూబ్‌లో రెండు డైనోసార్లు కొట్టుకునే వీడియోలు వేలకొద్దీ ఉన్నాయి. ఒకటి మొదలైతే వరసగా వస్తూనే ఉంటాయి, నాకైతే అవి పరమ చిరాకు. టీ-రెక్స్‌కీ స్టెగోసారస్‌కీ పోటీ పెడతారు. అవి రెండూ కలుసుకునే అవకాశమే లేదు. స్టెగోసారస్ దాదాపు 15 కోట్ల ఏళ్ల కిందటిది, టీ-రెక్స్ 6.8 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. అంటే టీ-రెక్స్ కాలానికి స్టెగోసారస్ కంటే మనమే దగ్గర.

ఈ మాట నోటితో చెబితే నాలుగేళ్ల పిల్లలకి ఎక్కదు. కోటి, పది కోట్లు అన్నీ వాళ్లకి 'చాలా' మాత్రమే. అందుకని నడిపించండి. ఖర్చు లేని సాధనం ఇదే, నా లెక్కలో అన్నిటికంటే గొప్పదీ ఇదే. పార్కులోనో మైదానంలోనో ఒకచోట నిలబడి 'ఇది ఈ రోజు' అనండి. ఒక్కో అడుగూ పది లక్షల ఏళ్లు. మనలాంటి మనుషులు పుట్టి దాదాపు 3 లక్షల ఏళ్లు, అంటే మొదటి అడుగులో మూడో వంతు కూడా కాదు. అక్కణ్నుంచి లెక్కపెడుతూ నడవండి. 66వ అడుగు దగ్గర డైనోసార్ల కాలం ముగిసిన చోటు, ఒక రాయి పెట్టండి. టీ-రెక్స్, ట్రైసెరటాప్స్ బొమ్మలు ఆ పక్కనే, 66కీ 68కీ మధ్య. 70 దాటి నాలుగైదు అడుగులేశాక వెలాసిరాప్టర్. తర్వాత నడుస్తూనే ఉండాలి. 150 దగ్గర స్టెగోసారస్, దాని పక్కనే డిప్లోడోకస్. మొదటి డైనోసార్ల దాకా వెళ్లాలంటే 230 దాటాలి. అంతదూరం పిల్లలు ఓపిగ్గా రారు, రాకపోయినా పర్వాలేదు. స్టెగోసారస్ దగ్గర నిలబడి వెనక్కి చూస్తే టీ-రెక్స్ బొమ్మ ఎంత చిన్నగా కనిపిస్తుందో, అదే పాఠం. మా అమ్మాయి ఆ రోజు ఇంటికొచ్చి, బొమ్మల పెట్టెలో ఒకే చోట ఉన్నవాటిని ఏ కాలంవి ఆ కాలానికి మూడు సంచుల్లోకి విడదీసింది. అన్నిటికంటే పాతదైన ట్రయాసిక్ కాలపు సంచిలో పాపం ఒక్కటే మిగిలింది.

కొలతలు కూడా ఇలాగే. సుద్దముక్కతో నేల మీద గీతలు గీయండి. టీ-రెక్స్ 12 మీటర్లు, ట్రైసెరటాప్స్ 8 లేదా 9, డిప్లోడోకస్ 26 దాకా. అర్జెంటీనాలో దొరికిన పటగోటైటన్ 37 మీటర్లని అంచనా, దానికి తాడు వాడుకోండి. పిల్లాణ్ని గీత మీద పడుకోబెట్టి, నీలాంటివాళ్లు ఎంతమంది పడతారో లెక్కపెట్టమంటే ఒక సాయంత్రం గడిచిపోతుంది.

రాత్రి కథలకి నేను ఎన్నుకునేవి శాస్త్రవేత్తలు తికమకపడ్డ కథలు. పిల్లలకి పెద్దవాళ్లు పప్పులో కాలేసిన కథలంటే ఎంత ఇష్టమో మీకు తెలియంది కాదు. ఇగ్వానడాన్ కథ చెప్పి చూడండి. 1820లలో ఇంగ్లండ్‌లో గిడియన్ మాంటెల్ అనే డాక్టరుకి కొన్ని పళ్లూ ఎముకలూ, వాటితో ఒక మొనదేలిన ఎముకా దొరికాయి. అది ముక్కు మీద కొమ్మనుకున్నారు. 1854లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో పెట్టిన పెద్ద ఇగ్వానడాన్ విగ్రహాలకి కూడా కొమ్ము ముక్కు మీదే ఉంది, అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ అనే ఊళ్లో, బొగ్గు గనిలో 300 మీటర్లకు పైగా లోతున ఇగ్వానడాన్ అస్థిపంజరాలు గుంపుగా, పూర్తిగా దొరికాయి. అప్పుడు తెలిసింది, అది కొమ్ము కాదు, చేతి బొటనవేలు! పాత విగ్రహం ఫోటో, ఇప్పటి బొమ్మ పక్కపక్కన పెట్టి 'తేడా కనుక్కో' అనండి. ఓవిరాప్టర్‌దీ ఇలాంటి కథే. 1920లలో మంగోలియాలో గుడ్ల గూడు దగ్గర దొరికితే, ఇంకోదాని గుడ్లు దొంగిలించడానికి వచ్చిందని నింద వేశారు. అలాంటి గుడ్డులోనే ఓవిరాప్టర్ కుటుంబానికి చెందిన పిల్ల ఉందని 1990లలో తేలింది. డెబ్బై ఏళ్లు దొంగ అనిపించుకున్నది తల్లో తండ్రో! ఈ కథ విన్నాక మా అమ్మాయి చాలాసేపు కోపంగా ఉంది.

ఒక ప్రశ్నకి మాత్రం మీరు సిద్ధంగా ఉండండి. 'అంత పెద్ద రాయి మళ్లీ మన మీద పడుతుందా?' మెక్సికో తీరంలో పడి డైనోసార్ల కాలాన్ని ముగించిన గ్రహశకలం వెడల్పు దాదాపు 10 కిలోమీటర్లని చదివాక మా ఇంట్లో కొన్ని రాత్రులు నిద్ర కరువైంది. అలాంటివి కోట్ల ఏళ్లకోసారి జరుగుతాయని చెబితే ఊరట కలగలేదు. ఊరటనిచ్చింది 2022 సెప్టెంబరులో జరిగిన సంగతి. నాసా పంపిన డార్ట్ అనే చిన్న నౌక డైమార్ఫోస్ అనే గ్రహశకలాన్ని కావాలనే ఢీకొట్టి, అది తనకంటే పెద్ద గ్రహశకలం చుట్టూ ఒకసారి తిరిగే సమయాన్ని అరగంటకు పైగా తగ్గించింది. మనుషులు రాళ్లని పక్కకి తోయడం నేర్చుకుంటున్నారని చెప్పాను. తర్వాత వారమంతా బంతులు ఢీకొట్టించే ఆటే. అన్నీ చచ్చిపోయాయని ఏడిస్తే ఇంకో మాట కూడా ఉంది, అదీ నిజమే. పక్షులు డైనోసార్ల వంశమే. కిటికీలోంచి పావురం కాళ్లు చూపించండి, తడి మట్టిలో కాకి అడుగుల ఫోటో తీసి పుస్తకంలోని మూడు వేళ్ల జాడ పక్కన పెట్టండి.

బొమ్మల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చవక డబ్బాలో వచ్చేవైనా పర్వాలేదు, వాటిలో డైమెట్రోడాన్‌లూ ఏనుగులూ కలిసిపోయి ఉంటే ఇంకా మంచిది, 'ఇందులో డైనోసార్ కానిదేది?' అనే ఆట దొరుకుతుంది. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే చిన్న ముక్కలున్నవి తేకండి, గొంతులో ఇరుక్కుంటాయి. సుత్తితో తవ్వి ఎముకలు బయటికి తీసే దిమ్మలకి బాగా దుమ్ము వస్తుంది. బయట కూర్చోబెట్టి, దిమ్మని తడుపుతూ తవ్వించండి. ఆకుల అచ్చులు, బొమ్మల కాలి అచ్చులు చేయడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బాగుంటుంది, కానీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, కలపడం పొయ్యడం మీరే చేయండి. మ్యూజియంకి తీసుకెళ్తే అక్కడున్నది అసలు ఎముకో అచ్చుపోసినదో ముందే చదివి పెట్టుకోండి, పిల్లలు తప్పక అడుగుతారు. లండన్ మ్యూజియంలో తరతరాల పిల్లలు చూసి మురిసిపోయిన 'డిప్పీ' అనే డిప్లోడోకస్ అస్థిపంజరం కూడా 1905లో పెట్టిన ప్లాస్టర్ నకలే.

పుట్టినరోజుకి ఏం తెమ్మంటారని ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా పొడుగాటి కొలతల టేపు చెప్పండి. అరిచే ప్లాస్టిక్ టీ-రెక్స్ ఎలాగూ ఇంకెవరో ఒకరు తెస్తారు.