ఆ సూర్యాస్తమయం తీసెయ్ నాయనా

అబ్బాయ్,

మేనల్లుణ్ణి వెంటేసుకుని వైజాగ్ తీరమంతా తిరిగొచ్చి రాసిన యాత్ర అందింది. ఆపకుండా చదివించావు, అది చిన్న విషయం కాదు. మెచ్చుకోలు తర్వాత తీరిగ్గా చేస్తాను గానీ ముందు కాస్త చీవాట్లు తిను.

ఋషికొండలో "ఎర్రని సూర్యబింబం సాగరగర్భంలోకి మెల్లగా జారిపోయింది" అన్నావు. అది తూర్పు తీరం నాయనా! అక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రానికి మన వీపు వెనక కొండల చాటుకి పోతాడు. అంటే నువ్వు చూసింది కాక ఎక్కడో చదివింది రాశావన్నమాట. నిజంగా ఆ వేళ అక్కడ ఏమవుతుందో గుర్తు తెచ్చుకో: కొండ నీడ ఇసుక మీదుగా పాకుతూ నీళ్ళ దాకా వెళ్తుంది, ఒడ్డున చీకటి పడుతున్నా దూరంగా పడవల మీద ఇంకా ఎండ ఉంటుంది. ఇది నీ కళ్ళ ముందే జరిగింది, నువ్వేమో బొమ్మల క్యాలెండర్ చూసి రాశావు.

ఇక మొదటి రెండు పేజీలు. ఋషికొండకి 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రావడం, భీమిలి మున్సిపాలిటీ 1861 నాటిది కావడం, డచ్చివాళ్ళ సమాధులు, ఎర్రమట్టి దిబ్బలు, అన్నీ నిజాలే. కానీ వరసగా పేర్చేశావు. 1861 ఎక్కడికీ పోదు, మేనల్లుడు ఆ సమాధుల దగ్గర ఆగి ఏదో ఒకటి అడిగేదాకా దాన్ని జేబులోనే ఉంచుకో. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట వాడు "నిన్న బొర్రా గుహల్లో చూసిన నీళ్ళేనా మావయ్యా ఇవి?" అన్నాడని ఏదో పేరా చివర ఒక్క ముక్క పడేశావే, అబ్బే, అక్కడ పేజీ రాయాలి! అనంతగిరి కొండల్లో పుట్టిన నీళ్ళు బొర్రా దాటి, ఊళ్ళు దాటి, వాడి కాళ్ళ దగ్గరికొచ్చి ఉప్పగా అయిపోతున్నాయి. నది గురించి నువ్వు చెప్పగలిగిందంతా వాడి ప్రశ్నలోనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. యారాడకి వెళ్ళే కొండదారి మలుపుల మీద మూడు పేరాలు రాశావు. ఆ బీచ్‌లో పిల్లాణ్ణి నీళ్ళు లోపలికి లాగితే మాత్రం "కాస్త టెన్షన్ పడ్డాం, దేవుడి దయవల్ల గట్టెక్కాం" అని దాటేశావు. ఇదేం లెక్క? నీ యాత్ర మొత్తానికి కథ అదొక్కటే. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే చాలాసార్లు నీళ్ళు వెనక్కి లాగుతుంటాయి, తెలియనివాళ్ళు అక్కడే మంచిదని దిగుతారు. మీరూ అలాగే దిగారా? ఎవరు ముందు దిగారు? ఒడ్డు వైపు తిన్నగా ఈదితే అలసిపోవడమే తప్ప ముందుకి రాలేం, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ లాగుడు నుంచి తప్పుకోవాలి. ఇది నీకు ముందే తెలుసా, లేక గట్టుమీంచి ఎవరైనా చెయ్యి ఊపి చూపించారా? వాడి చొక్కా కాలర్ దొరికిందా, చెయ్యి దొరికిందా? ఆ రాత్రి అక్క ఫోన్ చేస్తే ఏం చెప్పావు? నాకు తెలిసి అబద్ధమే చెప్పి ఉంటావు, వాడు పక్కనే కూర్చుని వింటూ ఉంటాడు. ఇద్దరి మధ్యా అప్పట్నించీ ఒక రహస్యం ఉంది చూడు, మిగతా యాత్రంతా ఆ రహస్యంతోనే నడవాలి.

సాహసం అంటే కయాక్ ఎక్కడం, స్కూబా సూటు వేసుకోవడం అనుకుంటున్నావు. రాయి, వద్దనను. కాకపోతే టిక్కెట్టు కొన్న సాహసాన్ని పొడుగ్గా చెబితే పాఠకుడికి ఆవలింతలొస్తాయి, అక్కడ తొందరగా దాటెయ్.

వాడికి "అమాయకపు కళ్ళు" అంటగట్టావు. పదమూడేళ్ళ కుర్రాడికి అమాయకత్వం ఎక్కడిది? వాడికో పంతం ఉంటుంది, ఆకలుంటుంది, నీమీద చిన్నచూపు కూడా ఉంటుంది. భీమిలి ఇసుకలో నల్ల చారలు చూసి జేబులోంచి అయస్కాంతం తీశాడన్నావే, వాడు నాకు నచ్చాడు. రేణువులు అంటుకున్నాక వాడి మొహం ఎలా ఉందో రాయలేదు.

జాలరిపేటలో పెద్దాయన చేత "మహాశయా, అటు వెళ్ళుట ప్రమాదకరం" అన్నంత పని చేయించావు. ఆయన "అటెల్లకండి బాబూ, లాగేస్తాది" అనే ఉంటాడు, అలాగే ఉంచు. ఒడ్డున పడవలు "సోమరిగా నిద్రపోతున్నాయి" అన్నది కూడా కొట్టెయ్. మీరు వెళ్ళింది మేలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ పడవల పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్న మనిషికి ఆ రోజుల్లో ఇల్లెలా గడుస్తుందో అడగాల్సింది. అడగలేదా? అయితే ఆయన వేళ్ళు ఏం చేస్తున్నాయో అదైనా రాయి, సోమరితనం అన్న మాట దానంతటదే పోతుంది.

తిరగరాశాక నాకు పంపే ముందు వాడికి చదివి వినిపించు. "అలా జరగలేదు మావయ్యా" అన్న చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకో, వాదించకు. యారాడ సంగతి అచ్చులో వస్తే అక్క చదువుతుంది కాబట్టి, ఆవిడకి ముందే నువ్వు నోటితో చెప్పెయ్. తిట్లు ఎటూ తప్పవు, అవి కూడా గుర్తుపెట్టుకో, పనికొస్తాయి.

ఫొటోలు మాత్రం ఈసారి పంపకు.