‘లక్కీ’ నాణెం జేబులో లేకపోతే గుండె దడ... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 29. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లిన రోజు జేబులో ఓ పాత నాణెం ఉంది. ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి అది లేకుండా బయటికి వెళ్లను. ఈమధ్య అది కనిపించకపోతే గుండె దడ, అరచేతుల్లో చెమట. సగం దూరం వెళ్లాక కూడా వెనక్కి వచ్చి తెచ్చుకుంటున్నాను. ఇంట్లోవాళ్లు నవ్వుతున్నారు. ఇదేమైనా మానసిక సమస్యా?

డాక్టర్ సలహా: నాణెం దగ్గర పెట్టుకోవడం జబ్బేమీ కాదు. బాస్కెట్‌బాల్ దిగ్గజం మైఖేల్ జోర్డాన్ కాలేజీ జట్టు షార్ట్స్‌ను ప్రొఫెషనల్ మ్యాచ్‌ల్లోనూ లోపల వేసుకునేవారు. ఫలితం మన చేతుల్లో లేదనిపించినప్పుడు చేత్తో పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలనిపిస్తుంది. పైగా ఒకేసారి జరిగిన రెండింటికి మెదడు ముడిపెట్టేస్తుంది. మనస్తత్వవేత్త స్కిన్నర్ 1948లో ప్రచురించిన ప్రయోగంలో పావురాలకు, అవి ఏం చేసినా చేయకపోయినా, నిర్ణీత వ్యవధికోసారి మేత అందేలా చేశారు. మేత వచ్చే సమయానికి గుండ్రంగా తిరుగుతున్న పావురం, తిరిగినందుకే వచ్చిందన్నట్టు మళ్లీ మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. ఇంటర్వ్యూకు కష్టపడి చదివింది మీరు, పేరు కొట్టేసింది నాణెం!

నేను పట్టించుకునేది మీరు వెనక్కి రావడాన్ని. నాణెం తాకగానే దడ తగ్గుతుంది. చిక్కంతా ఆ ఉపశమనంతోనే. ‘అది దొరికింది కాబట్టే గండం గడిచింది’ అని మెదడు నమ్మేస్తుంది, మర్నాడు భయం ఇంకాస్త పెరుగుతుంది.

ముఖ్యమైన పనేమీ లేని రోజు చూసుకుని నాణేన్ని కావాలనే ఇంట్లో వదిలి వెళ్లండి. మొదట టెన్షన్ పెరుగుతుంది. అయినా వెనక్కి రాకండి, కొంతసేపటికి దానంతటదే తగ్గుతుంది. అలా తగ్గడం మీకు అనుభవంలోకి రావాలి, అందుకే ఈ తంటా. కొన్నిసార్లు అలవాటయ్యాక ఆఫీసు రోజుల్లో, ఆ తర్వాత పెద్ద మీటింగ్ ఉన్న రోజున ప్రయత్నించండి. నాణెం బదులు ఉంగరమో కీచైనో పట్టుకెళ్తే మాత్రం కథ మళ్లీ మొదటికే. ఇంట్లోవాళ్లు దాన్ని దాచి ఆటపట్టించడం కూడా మంచిది కాదు.

నాణెం జేబులో ఉన్నా దడ వస్తోందా? అయితే థైరాయిడ్ పరీక్ష, ఈసీజీ చేయించుకోండి. కాఫీ ఎక్కువగా తాగుతుంటే తగ్గించండి.

‘ఇన్నిసార్లు తాకకపోతే ఇంట్లో ఎవరికో ఏదో అవుతుంది’ అనే ఆలోచనలు వెంటాడుతున్నా, ఈ తడుముకోవడాలకే రోజుకు గంటకు పైగా పోతున్నా అది ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) కావచ్చు. సైకియాట్రిస్టును కలవండి. పైన చెప్పిన పద్ధతినే పక్కనుండి క్రమంగా చేయిస్తారు. మందులు రాస్తే, వాటి గుణం పూర్తిగా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. తేడా కనిపించలేదని మధ్యలో సొంతంగా మానేయొద్దు.